ప్రాక్టీస్‌లో పడే బంతి మ్యాచ్‌లో ఎందుకు పడదు? ఒత్తిడిలో తడబాటుపై చర్చ

#1 సందేహి

నెట్స్‌లో పదికి ఎనిమిది యార్కర్లు వేసే బౌలర్ ఆఖరి ఓవర్లో రెండు ఫుల్‌టాస్‌లు వేస్తాడు. బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో, టెన్నిస్ రెండో సర్వ్, ఫుట్‌బాల్ పెనాల్టీ, అన్నిట్లో ఇదే తంతు. మైదానం బయటా అంతే. గదిలో గడగడా చెప్పిన జవాబు వైవాలో నోటికి రాదు. "నెర్వస్ అయ్యాడు" అనడం కారణం చెప్పడం కాదు, పేరు పెట్టడమే.

లోపల అసలు ఏం చెడుతోంది? దానికి చేయదగ్గది ఏమిటి? ఊళ్ళో తిరిగే చిట్కాల్లో పరిశోధనకు నిలిచినవేవి, పోయినవేవి? ప్రయోగం ఎలా చేశారో కూడా చెబితే మేలు. "పాజిటివ్‌గా ఉండండి" రకం జవాబులు మాత్రం వద్దండి.

#2 చలనశాస్త్రం

చెడేది ఒక తీరులో కాదు, రెండు తీరుల్లో. రెంటినీ కలిపేయడం వల్లే సగం సలహాలు బెడిసికొడతాయి.

మొదటిది ధ్యాస చెదరడం. ఒక క్షణంలో తలలో పట్టి ఉంచుకోగలిగేది కొంచెమే. "ఇది పోతే ఎలా" అన్న దిగులు ఆ కొంచెంలోనే చోటు లాగేసుకుంటుంది. లెక్కలు, వైవా, చదరంగం, బ్యాటర్‌ని బట్టి ఫీల్డ్ మార్చడం లాంటి ఆలోచనతో నడిచే పనులు ఇలా దెబ్బతింటాయి.

రెండోది దీనికి తలకిందులు, అతి ధ్యాస. వేలసార్లు చేసి ఒంటికి పట్టిన కదలికను ఒత్తిడిలో మనిషి మళ్ళీ ముక్కలు చేసి తన చేత్తో నడపబోతాడు. మణికట్టు సరిగా ఉందా, మోచేయి లోపలికి వచ్చిందా అని చూసుకుంటాడు. గబగబా మెట్లు దిగుతూ ఏ పాదం ఎక్కడ పడుతోందో గమనించడం మొదలుపెడితే ఏమవుతుందో ఇక్కడా అదే. మనస్తత్వవేత్త రాయ్ బౌమైస్టర్ 1984లో ఈ వాదన ముందుకు తెచ్చాడు. సియాన్ బైలాక్, థామస్ కార్ 2001లో గోల్ఫ్ పటింగ్ (బంతిని మెల్లగా తట్టి గుంతలోకి దొర్లించడం) మీద దాన్ని పరీక్షించారు.

నాకు బాగా నచ్చింది మాత్రం బైలాక్ బృందం 2002 ప్రయోగం. అనుభవమున్న ఫుట్‌బాల్ ఆటగాళ్ళతో కోన్ల మధ్య డ్రిబ్లింగ్ చేయించారు. ఒకసారి బంతికి పాదంలో ఏ వైపు తగిలిందో గమనించమన్నారు. మరోసారి వినిపించే మాటల్లో ఫలానా మాట రాగానే చెప్పమన్నారు. బాగా అలవాటున్న కుడికాలితో ఆడినప్పుడు పాదాన్ని గమనించినవాళ్ళ వేగం తగ్గింది, మాటలు విన్నప్పుడు ఆట చెడలేదు. అలవాటు తక్కువున్న ఎడమకాలికి వచ్చేసరికి ఫలితం తిరగబడింది, పాదాన్ని గమనించడమే మేలు చేసింది. అదే మనిషికి, అదే రోజు, ఒక కాలికి విషమైన సలహా రెండో కాలికి మందైంది.

#3 సందేహి

అయితే ఒక ఆటగాడికి చెడుతున్నది ఏ తీరో బయటినుంచి పోల్చుకోవడం ఎలా?

#4 గురిచూపు

తప్పు ఎలా కనిపిస్తుందో చూడాలి. ఎంపికే తప్పిందా, కదలిక తప్పిందా? స్లో బాల్ వేయాల్సిన చోట యార్కర్ ఎంచుకోవడం, స్కోరు మర్చిపోవడం, కోచ్ చెప్పింది గుర్తు రాకపోవడం, తొందరపడిపోవడం ధ్యాస చెదిరిన లక్షణాలు. ఎంపిక సరైనదే కానీ చేయి బిగుసుకుని, రనప్ చివర అడుగులు చిన్నవై, బంతి ఆలస్యంగా వదిలితే అది అతి ధ్యాస.

ప్రాక్టీస్‌లో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. 20 బంతులు మామూలుగా వేయించండి. కాసేపు ఆగి మరో 20 వేయించండి, ఈసారి 300 నుంచి మూడేసి తగ్గిస్తూ పైకి లెక్కపెట్టమనండి. రెండోసారి గురి పెద్దగా తగ్గకపోతే ఆ నైపుణ్యం ఒంటికి పట్టినట్టే, మ్యాచ్‌లో దానికి ముప్పు అతి ధ్యాస నుంచే. బాగా పడిపోతే అది ఇంకా ఆలోచనతోనే నడుస్తోంది. అలాంటివాడికి మైండ్ ట్రైనింగ్ కంటే ముందు మరిన్ని బంతులు కావాలి.

ఈ పరీక్ష అలసిపోయాక చేయకండి. ఒక్క రోజు అంకెలు చూసి తీర్పు ఇవ్వకండి. 20లో 15కీ 12కీ తేడా ఊరికే కూడా రావచ్చు. మూడు వేర్వేరు రోజులు చేసి కలిపి చూడండి.

#5 చలనశాస్త్రం

దానికి కొనసాగింపుగా, ధ్యాస ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. గాబ్రియెల్ వుల్ఫ్ 1998 నుంచి దీని మీద చాలా ప్రయోగాలు చేసింది. మొదటిది స్కీ సిమ్యులేటర్ (మంచు మీద జారే ఆటను గదిలోనే సాధన చేసే యంత్రం) మీద. పాదాలతో బలం పెట్టమన్న వాళ్ళకంటే, పాదాల కిందున్న చక్రాలను నెట్టమన్న వాళ్ళు బాగా నేర్చుకున్నారు. తేడా కొన్ని సెంటీమీటర్లే, ధ్యాస ఒంట్లో ఉందా ఒంటి బయట ఉందా అన్నదే.

కోచ్ మాటల్లోకి మారిస్తే ఇలా ఉంటుంది. "మణికట్టు విరువు" బదులు "బంతి రింగు ముందు అంచు మీదుగా దిగాలి". "మోకాళ్ళు చాచు" బదులు "నేలను కిందికి తొయ్యి". "భుజం తిప్పు" బదులు "రాకెట్ తల నెట్ దాటి ఎదురు మూలను చూడాలి". ఒకటే సూచన ఇవ్వండి. మూడు చెబితే మళ్ళీ ముక్కలు చేయడమే.

#6 నాలుగోబంతి

వద్దన్నదే జరగడం మాటేమిటి? "వైడ్ వేయకు" అంటే వైడే పడుతుంది.

#7 చలనశాస్త్రం

దానికీ ప్రయోగం ఉంది. డేనియల్ వెగ్నర్ 1987లో "తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు" అని చెప్పి చూశాడు. వద్దన్నకొద్దీ అదే తలలోకి వచ్చింది. 1998లో ఆయన బృందం గోల్ఫ్ పట్ మీద ప్రయత్నించింది, బంతి గురి దాటి పోకుండా చూడమని. తలలో ఒక అంకె గుర్తుంచుకోవాల్సిన భారం కూడా పడ్డవాళ్ళు సరిగ్గా ఆ తప్పే ఎక్కువ చేశారు. ఒక పని రాకూడదంటే అది వస్తోందేమోనని మెదడు ఓ కంట కనిపెట్టుకుంటూ ఉండాలి. తీరిక ఉన్నప్పుడు ఆ కాపలాకీ దారి మళ్ళించడానికీ రెంటికీ శక్తి చాలుతుంది. ఒత్తిడిలో కాపలా ఒక్కటే మిగులుతుంది.

అందుకని వద్దన్నది కాదు, కావాల్సింది చెప్పాలి. "వైడ్ వద్దు" అనకుండా "మిడిల్ స్టంప్ అడుగుకు వెయ్యి" అనాలి.

#8 గురిచూపు

ఇక అసలు పనికి వస్తాను. బంతి ముందు చేసే రొటీన్. ఆగి చేసే పనులకే ఇది సరిపోతుంది, ఫ్రీ త్రో, సర్వ్, పెనాల్టీ, బౌలింగ్, విలువిద్య వంటివాటికి. ఎదుటివాడి కదలికకు జవాబిచ్చే ఆటలో ఇలా కూర్చి పెట్టుకోలేం.

ముందుగా మీ ఆటలో ఎంత సమయం ఉందో చూసుకోవాలి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ నియమాల్లో ఫ్రీ త్రోకి 5 సెకన్లు, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 10. వాలీబాల్‌లో విజిల్ తర్వాత సర్వ్‌కి 8. టెన్నిస్‌లో పాయింట్ల మధ్య 25. ఐదు సెకన్ల చోట పన్నెండు సెకన్ల రొటీన్ పెట్టుకుంటే అదే కొత్త ఒత్తిడి.

25 సెకన్ల ఆటకు ఒక నమూనా. మొదటి 8 సెకన్లు పోయిన పాయింట్‌ని వదిలేయడానికి, గీతకు వీపు తిప్పి రాకెట్ తీగలు సర్దుకుంటూ. తర్వాత 3 సెకన్లు నిర్ణయానికి: ఎక్కడికి, ఎలాంటి సర్వ్. ఇక్కడే తేల్చేయాలి, గీత దగ్గరికి వెళ్ళాక మార్చకూడదు. తర్వాత ఒక్క పొడవైన ఊపిరి, 4 సెకన్లు లోపలికి, 6 బయటికి. ఆపైన లెక్కపెట్టి బంతిని నేలకు కొట్టడం, బంతి పడాల్సిన చోటు మీద చూపు, సర్వ్.

ఐదు సెకన్ల ఫ్రీ త్రోకి బంతి చేతికి అందకముందే ఊపిరి ముగియాలి. తర్వాత రెండు డ్రిబుల్స్, చూపు, వదలడం. అంతే.

రొటీన్ ఎక్కడ చెడుతుందంటే, ప్రాక్టీస్‌లో చేయకుండా మ్యాచ్‌లో మాత్రమే చేయడం దగ్గర. మ్యాచ్‌లోనే చేసేది రొటీన్ కాదు, ఇది ముఖ్యమైన బంతి అని ఒంటికి డప్పు కొట్టి చెప్పడం. రెండో లోపం, అది మొక్కులా మారిపోవడం. డ్రిబుల్స్ సంఖ్య తప్పితే బంతి పోతుందన్న భయం పట్టుకుంటే ఆ రొటీన్‌ని విడదీసి కొత్తది పెట్టుకోవడమే మంచిది.

#9 లెక్కతేడా

రొటీన్ నెమ్మదిగా చేయాలన్న దానికి పెనాల్టీల లెక్క తోడొస్తుంది. నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ పెద్ద టోర్నమెంట్ల షూటౌట్ వీడియోలు కూర్చుని లెక్కించాడు. రిఫరీ విజిల్ వేయగానే పరుగు మొదలుపెట్టినవాళ్ళు, కాసేపు ఆగినవాళ్ళకంటే ఎక్కువగా తప్పారు. గోల్ పడితే గెలుపే అన్న కిక్‌లు 92 శాతం గోలయ్యాయి, తప్పితే ఓటమే అన్నవి 60 శాతం దగ్గరికి పడిపోయాయి. దూరం అదే 11 మీటర్లు, గోల్‌పోస్ట్ అదే.

కానీ జాగ్రత్త. తొందరపడటం వల్లే తప్పుతున్నారా, లేక భయపడ్డవాళ్ళే తొందరపడి, ఆ భయం వల్లే తప్పుతున్నారా? వీడియో లెక్క దాన్ని విడదీయలేదు. "రెండు సెకన్లు ఆగితే గోల్ ఖాయం" అని దీన్నుంచి తేల్చకండి.

గోల్‌కీపర్లకీ ఒక జబ్బు ఉంది. మైకేల్ బార్-ఎలీ బృందం 2007లో 286 పెనాల్టీలు చూసింది. కీపర్లు మధ్యలో నిలబడింది 6.3 శాతం సార్లే. మధ్యలోకి వచ్చిన కిక్‌లేమో 28.7 శాతం. నిలబడి గోల్ ఇస్తే ఏమీ చేయలేదంటారు, దూకి ఇస్తే ప్రయత్నించాడంటారు. మాట పడతామన్న భయం నిర్ణయాన్ని ఎంత వంచుతుందో ఇంతకంటే శుభ్రంగా చూపించే లెక్క అరుదు.

#10 చలనశాస్త్రం

గురిచూపు గారు "చూపు" అని ఒక్క మాటలో దాటేశారు. దాని వెనక జోన్ వికర్స్ పని ఉంది. కదలిక మొదలవడానికి ముందు కంటి ఆఖరి నిలకడను ఆవిడ కొలిచింది. మూడు డిగ్రీల పరిధిలో కనీసం 100 మిల్లీసెకన్లు చూపు కదలకుండా నిలిస్తేనే లెక్కలోకి. 1996లో ఫ్రీ త్రోల మీద చేసిన పనిలో మంచి షూటర్ల చూపు ముందుగా నిలిచి, ఎక్కువసేపు ఉంది. గోల్ఫ్‌లో దిట్టలు బంతి మీద 2 నుంచి 3 సెకన్లు చూపు నిలిపి, కొట్టాక కూడా క్షణంపాటు అక్కడే ఉంచుతారు. ఒత్తిడి పెరిగితే మొదట కురచయ్యేది ఈ నిలకడే.

సాధన సులువు. రింగు మొత్తాన్ని కాదు, ముందు అంచున ఒక్క కొక్కేన్ని ఎంచుకోండి. చూపు దాని మీద పడ్డాక మనసులో ఒక చిన్న మాట అనుకుని అప్పుడు వదలండి. కళ్ళు గురికీ బంతికీ మధ్య పరుగెడుతున్నాయేమో ఎదురుగా ఫోన్ పెట్టి తీస్తే తెలిసిపోతుంది.

#11 నాలుగోబంతి

ఇవన్నీ ప్రశాంతంగా ఉన్న నెట్స్‌లో చేస్తే మ్యాచ్‌కి పనికొస్తాయా?

#12 గురిచూపు

రావు, రెండు పనులు చేయకపోతే.

ఒకటి, బంతుల్ని కలగాపులగం చేయడం. 1994లో కాలేజీ బేస్‌బాల్ బ్యాటర్లతో చేసిన ప్రయోగం చూడండి. వారానికి రెండుసార్లు, ఆరు వారాలు, ప్రతిసారీ అదనంగా 45 బంతులు, మూడు రకాల్లో రకానికి 15. ఒక జట్టుకు ఒకే రకం 15 వరసగా, తర్వాత ఇంకో రకం. రెండో జట్టుకు ఏది వస్తుందో తెలియకుండా కలిపి. చివరి పరీక్షలో కలిపి ఆడినవాళ్ళు 57 శాతం మెరుగయ్యారు, వరసగా ఆడినవాళ్ళు 25, అదనపు బంతులు లేనివాళ్ళు 6. చిక్కేమిటంటే కలిపి సాధన చేస్తున్న రోజుల్లో ఆట చూడ్డానికి అధ్వానంగా ఉంటుంది. ఆటగాడు, కోచ్ ఇద్దరూ దిగాలుపడి మూడో రోజుకే మానేస్తారు. పూర్తిగా కొత్తవాళ్ళకు మాత్రం మొదట్లో వరస సాధనే ఇవ్వండి, బంతి బ్యాటుకు తగలడం మొదలయ్యాక కలపండి.

రెండు, కొంచెం ఒత్తిడిలోనే సాధన. రౌల్ ఔడెయాన్స్ బృందం డార్ట్స్ వేసేవాళ్ళను క్లైంబింగ్ గోడ మీద ఎత్తున వేలాడదీసి సాధన చేయించింది. ఆ భయంలో సాధన చేసినవాళ్ళు తర్వాతి పరీక్షలో ఒత్తిడికి పడిపోలేదు. నేల దగ్గరే సాధన చేసినవాళ్ళు పడిపోయారు. 2010లో ఇంకో సంగతి తేలింది, సాధనలో భయం స్వల్పంగా ఉన్నా చాలు. మ్యాచ్ అంత భయం తెచ్చిపెట్టాల్సిన పని లేదు.

గోడెక్కించక్కర్లేదు. సెషన్ చివర అలసిన కాళ్ళతో ఒక్కటే ఫ్రీ త్రో, జట్టంతా చూస్తుండగా. తప్పితే అందరికీ ఒక రౌండు పరుగు. వీడియో తీసి మిగతా జట్టుకు చూపిస్తామని చెప్పడమూ పనిచేస్తుంది. వారంలో రెండుసార్లు చాలు. రోజూ చేస్తే అలవాటైపోయి ఒత్తిడే మిగలదు. పిల్లల దగ్గర శిక్షగా మార్చకండి.

#13 వైవాబెంచ్

మైదానం బయటి సంగతి. గుండె దడ తగ్గించుకోమని అందరూ అంటారు కదా, అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో దానికి ఎదురు తిరిగింది. మైకు ముందు పాట పాడబోయేవాళ్ళలో కొందరిచేత "నాకు ఉత్సాహంగా ఉంది" అనిపించింది, కొందరిచేత "నాకు కంగారుగా ఉంది" అనిపించింది, కొందరిచేత ఏమీ అనిపించలేదు. యంత్రం ఇచ్చిన మార్కులు వరసగా 81, 53, 69. దడ తగ్గలేదు, దానికి పెట్టుకున్న పేరు మారిందంతే. ఉత్సాహానికీ కంగారుకీ ఒంట్లో జరిగేది దాదాపు ఒకటే. కంగారు నుంచి ప్రశాంతతకు దూరం ఎక్కువ, ఉత్సాహానికి అడుగే.

ప్రజెంటేషన్ ముందు ఇది బాగా సరిపోతుంది. చేయి వణకకూడని షూటింగ్, విలువిద్య లాంటివాటికి మాత్రం దడ నిజంగానే దించాలి, పైన చెప్పిన పొడవాటి ఊపిరే దారి.

వైవాకి ఇంకొకటి: "అయితే-అప్పుడు" పథకం. పీటర్ గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 ప్రయోగాలను కలిపి చూస్తే ఫలితం మధ్యస్థం నుంచి పెద్దది మధ్యలో తేలింది. "ధైర్యంగా ఉంటాను" అన్నది పథకం కాదు. "తెలియని ప్రశ్న వస్తే, ముందు ఆ ప్రశ్నను నా మాటల్లో తిరిగి చెప్పి, తెలిసిన భాగంతో మొదలుపెడతాను" అన్నది పథకం. మొదటి సగంలో కంటికో చెవికో తెలిసే గుర్తు ఉండాలి. రెండో సగంలో అప్పటికప్పుడు చేయగల ఒకే ఒక్క పని ఉండాలి. రెండు మూడు పథకాలు చాలు. పది రాసుకుంటే ఏదీ సమయానికి తట్టదు.

సాధన గురించి కూడా. నోట్సు మళ్ళీ మళ్ళీ చదవడం నెట్స్‌లో ఒకే బంతి ఆడటం లాంటిది. పుస్తకం మూసి, నిలబడి, పైకి చెప్పాలి, ప్రశ్నలు చీటీలు వేసి వరస చెదరగొట్టి.

#14 లెక్కతేడా

సందేహి గారి మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. పోయినవి చెబుతాను.

పవర్ పోజ్: 2010లో 42 మందితో వచ్చింది. చేతులు చాచి నిలబడితే హార్మోన్లు మారతాయని. 2015లో 200 మందితో చేస్తే హార్మోన్లు మారలేదు. అసలు పరిశోధకుల్లో మొదటి పేరున్న డానా కార్నీ 2016లో ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని రాసింది.

పరీక్షకు ముందు 10 నిమిషాలు భయాలన్నీ కాగితం మీద పెట్టడం: 2011లో బైలాక్ పేరుతోనే వచ్చింది. 2018లో పేరున్న రెండు పత్రికల నుంచి 21 ప్రయోగాలను మళ్ళీ చేసి చూస్తే 13 నిలిచాయి, 8 నిలవలేదు. నిలవనివాటిలో ఇదొకటి. రాసుకుంటే నష్టం లేదు, మార్కులు పెరుగుతాయని మాత్రం చెప్పకండి.

మనోబలం పెట్రోలులా తగ్గిపోతుందన్నది: 2016లో 23 ప్రయోగశాలలు కలిసి పరీక్షించాయి, చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు.

యెర్క్స్-డాడ్సన్ గీత: ఉద్వేగం పెరిగేకొద్దీ ఆట కొంతవరకు బాగుపడి ఆపైన చెడుతుందని చూపే, గుడిగంట ఆకారపు గీత. ప్రతి కోచింగ్ స్లైడ్‌లో ఉంటుంది. 1908 నాటి అసలు ప్రయోగం ఎలుకలకు షాకులిచ్చి తెలుపు-నలుపు పెట్టెలు గుర్తుపట్టించడం. ఆటగాళ్ళూ లేరు, కంగారు కొలతా లేదు. ఒక్కొక్కరికి ఆట కుదిరే ఉద్వేగ స్థాయి వేరన్నది యూరి హానిన్ వాదన, ఆచరణకు అదే పనికొస్తుంది. పది మ్యాచ్‌లకు ముందు 0 నుంచి 10 వరకు దడకు అంకె వేసి, మ్యాచ్ తర్వాత ఆటకు అంకె వేసి పక్కపక్కన పెట్టి చూసుకోవడమే.

#15 నాలుగోబంతి

మనోబలం సంగతి ఎగిరిపోతే, మ్యాచ్ ముందు ఫోన్ చూడొద్దు, తల అలిసిపోతుంది అనేది కూడా పోయినట్టేనా?

#16 చలనశాస్త్రం

ఆ రెండూ ఒకటి కాదు. సామ్యూలే మార్కోరా బృందం 2009లో 16 మందిచేత 90 నిమిషాలు తలకు పనిపెట్టే కంప్యూటర్ పరీక్ష చేయించి సైకిల్ తొక్కించింది. సగటున 640 సెకన్లకు ఆపేశారు. ఊరికే డాక్యుమెంటరీ చూసిన రోజు అదే మనుషులు 754 సెకన్లు తొక్కారు. గుండె, కండరాల కొలతల్లో తేడా దాదాపు లేదు, కష్టం మాత్రం ఎక్కువనిపించింది. అవి కొన్ని నిమిషాల పని కాదు, గంటన్నర విసుగు పుట్టించే పని. మనోబలం ప్రయోగాల్లో ఇచ్చింది కొద్ది నిమిషాలే. కాబట్టి మ్యాచ్‌కి ముందు పదినిమిషాల ఫోన్ గురించి దీన్నుంచి ఏమీ తేల్చలేం. గంటన్నర టాక్టికల్ మీటింగ్ పెట్టే కోచ్‌లు మాత్రం ఆలోచించుకోవాలి.

#17 సందేహి

చివరి ప్రశ్న. అతి ధ్యాస పెద్దయ్యాక వచ్చే జబ్బయితే, పిల్లలకు మొదటినుంచే అది పట్టకుండా నేర్పగలమా?

#18 చలనశాస్త్రం

కొంతవరకు. రిచ్ మాస్టర్స్ 1992లో కొత్తవాళ్ళకు గోల్ఫ్ పటింగ్ నేర్పాడు. కొందరికి సూచనల చిట్టా ఇచ్చాడు. కొందరిచేత పట్ వేస్తూ నోటితో ఇష్టమొచ్చిన అక్షరాలు చెప్పించాడు, నియమాలు పోగు చేసుకునే తీరిక లేకుండా. ఒత్తిడి పెట్టిన రోజు చిట్టా వాళ్ళు చెడ్డారు, అక్షరాల వాళ్ళు మెరుగవుతూనే ఉన్నారు. విడదీయడానికి తలలో నియమాలే లేకపోతే ఏం విడదీస్తారు? అయితే అక్షరాలు చెబుతూ నేర్చుకోవడం మహా నెమ్మది, పిల్లలకు కుదరదు.

కుదిరేది పోలిక. టేబుల్ టెన్నిస్ టాప్‌స్పిన్‌ని పన్నెండు సూచనలుగా చెప్పే బదులు "బ్యాటుతో లంబకోణ త్రిభుజం గీయి" అని ఒక్క బొమ్మ ఇచ్చి 2001లో నేర్పారు. ఆ ఒక్క బొమ్మలోనే సూచనలన్నీ ఇమిడిపోతాయి. పోలిక పిల్లవాడికి తెలిసినదై ఉండాలి. త్రిభుజం రాని వయసులో త్రిభుజం చెబితే అదే ఇంకో నియమమవుతుంది.

#19 గురిచూపు

ఒక సవరణ. #8లో సర్వ్ ముందు ఊపిరి 4, 6 అన్నాను. అప్పుడే పొడవైన ర్యాలీ ముగిసి రొప్పుతున్నవాడికి అది కుదరదు, బలవంతం చేస్తే ఊపిరాడనట్టు ఉంటుంది. అలాంటప్పుడు మొదటి 8 సెకన్లు మామూలుగా రొప్పనిచ్చి, చివర ఒక్క నిశ్వాసం మాత్రం పొడవుగా వదలమనండి.